ఇలకూర పీకి మడ నాటిన చోట: దివిసీమ పర్రలో ఒక చెరువు కేస్ స్టడీ

ఆరెకరాల నేలలో ఇలకూర అంతా పీకించాను. తీరపు ఉప్పు నేలలో పెరిగే చిన్న మొక్క అది, మా వైపు ఇల అని కూడా అంటారు. కూలీ ఇచ్చి, మూడు రోజులు దగ్గరుండి మరీ పీకించాను. ఆ నేలలో మడ (మాంగ్రూవ్) మొక్కలు నాటాలని మా ఆలోచన. ఏడాది తిరిగేసరికి మడా లేదు, ఇలకూరా లేదు, ఉప్పు పేరుకున్న తెల్లటి నేల మిగిలింది. దాన్ని మళ్లీ దారికి తెచ్చుకునే పనిలో నాలుగేళ్లు గడిచాయి, ఇంకా పూర్తి కాలేదు. తీరం వెంబడి ఇలాంటి పని పెట్టుకున్నవాళ్లు ఇదే పొరపాటు చేయకూడదని ఈ కేసు మొదటి నుంచీ రాస్తున్నాను.

చోటు

కృష్ణా జిల్లా, దివిసీమ. నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తుంటే వరి చేలు పోయి రొయ్యల చెరువులు వస్తాయి. అవీ అయ్యాక పర్ర మొదలవుతుంది. పోటు నీరు ఎక్కి దిగే ఉప్పు నేలని మా వైపు పర్ర అంటారు. ఉప్పుటేటి అంచున మడ అడవి, దాని వెనక కాస్త మెరక మీద పర్ర, ఆ పైన సర్కారు తుమ్మ, ఆ తర్వాత ఊరు. ఇదీ వరస. మడ అడవి విలువ ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మడ ఎందుకు ఉండాలో వాళ్లే మనకి చెప్తారు. పర్ర గురించి అడిగితే మాత్రం చాలామంది "అదేముంది, ఖాళీ నేల" అంటారు. మేమూ అలాగే అనుకున్నాం.

మేం పని చేసిన ఆరెకరాలు ఒకప్పటి రొయ్యల చెరువు. 1990 తర్వాత టైగర్ రొయ్యకి మంచి రేటు పలికిన రోజుల్లో తవ్వారు. 1994, 95లలో తెల్లమచ్చ తెగులు వచ్చి తీరమంతా రైతులు దెబ్బతిన్నారు. 2009లో వనామీ అనే రొయ్య రకం సాగుకి అనుమతి వచ్చాక చాలా చెరువులు మళ్లీ నీళ్లు చూశాయి. నీటి వసతి సరిగా లేనివి, గట్లు పాడైనవి అలాగే ఉండిపోయాయి. ఇది అలా ఉండిపోయిన చెరువే. పైగా దీన్ని పర్ర పై అంచున తవ్వారు. రోజూ వచ్చే పోటు ఇక్కడికి చేరదు. అమావాస్యకీ పౌర్ణమికీ వచ్చే పెద్ద పోటు మాత్రం, పాత తూము దగ్గర గట్టు కుంగిన చోటు నుంచి పలచగా లోపలికి ఎక్కేది. ఆ కాస్త నీటితోనే చెరువు అడుగున సగానికి పైగా ఇలకూర అల్లుకుంది.

మొక్క

ఇలకూర శాస్త్రీయ నామం సుయేడా. ఇందులో నిలువుగా మనిషి ఎత్తు పెరిగేది ఒకటుంది, దాన్ని సుయేడా మోనోయికా అంటారు. మా చెరువులో ఉన్నది నేలబారు రకం, సుయేడా మారిటిమా. మోకాలి ఎత్తు దాటదు. అడుగున కొమ్మలు కర్రబారి గట్టిపడతాయి, చివర్లు లేతగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే నేల మీద పచ్చటి గడ్డలు పెట్టినట్టు కనిపిస్తుంది. మన తోటకూర, పాలకూర, బీట్‌రూట్ దీని కుటుంబమే.

ఒక ఆకు తెంపి చూడండి. ఆకు అంటే రేకులా ఉండదు, సేమియా ముక్కలా గుండ్రంగా, కండగా ఉంటుంది. గోటితో నొక్కితే నీరు చిమ్ముతుంది. నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు రుచి, వెనకాలే కొంచెం ఆకుకూర వాసన. ఈ మొక్క బతుకు రహస్యం ఆ నీటిలోనే ఉంది. మడ చెట్టు తాను తాగిన ఉప్పులో కొంత ఆకుల మీదుగా బయటికి నెట్టేస్తుంది. ఎండలో మడ ఆకు మీద వేలు రాస్తే ఉప్పు పలుకులు తగులుతాయి. ఇలకూరకి అలా నెట్టే ఏర్పాటు లేదు. ఉప్పుని ఆకు కణాల లోపల, నీటి సంచుల్లాంటి అరల్లో దాచుకుంటుంది. ఉప్పు పెరిగే కొద్దీ నీరు ఎక్కువ పట్టి దాన్ని పలచన చేస్తుంది. ఆకు అంత కండగా ఉండటానికి కారణం అదే.

వేసవి ముదిరి నేలలో ఉప్పు పెరిగాక ఇలకూర ఎర్రబడుతుంది. బీట్‌రూట్‌లో ఉండే రంగు జాతే ఇదీ. ఈ ఎరుపు ఎక్కడ ముందు మొదలవుతుందో గమనిస్తే నేల ఎక్కడ ఎక్కువ ఇబ్బందిలో ఉందో పరికరం లేకుండానే తెలుస్తుంది. ఇది నాకు పుస్తకం నేర్పలేదు. పర్రలో పీతలు పట్టుకునే ఒక యానాది పెద్దావిడ చూపించింది. ఆవిడ మాట ఇంకొకటి ఉంది, అది తర్వాత వస్తుంది.

ఊళ్లో దీన్ని తింటారు. వానలు పడ్డాక వచ్చే లేత చివుళ్లు కోసి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, గట్టిగా పిండి కందిపప్పులో వేస్తారు. ఉప్పు వేయరు. ఎండు రొయ్యలతో వండితే రుచి ఇంకో మెట్టు పైకి వెళ్తుంది. ఒక్కసారి ఉడికిస్తే ఉప్పు పూర్తిగా పోదు, రెండుసార్లు నీళ్లు మార్చాలి. బీపీ ఉన్నవాళ్లు జాగ్రత్తగా తినాలి.

ఎక్కడ తప్పాం

ఒక సంస్థ మడ మొక్కలకి డబ్బు ఇస్తామంది. ఎన్ని మొక్కలు నాటారు, ఫొటోలు ఏవి అన్నదే వాళ్ల లెక్క. ఇలకూర ఉన్న నేల ఫొటోలో చెత్తగా కనపడుతుందని, మొక్కలు నాటిన వరసలు స్పష్టంగా ఉండాలని అడిగారు. ఒప్పుకున్నది మేమే కాబట్టి బాధ్యత మాదే.

పద్ధతి కూడా అరువు తెచ్చుకున్నాం. కృష్ణా, గోదావరి మడ అడవుల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, వాటి పక్కన మడ నాటి, చచ్చిపోయిన అడవిని తిరిగి తెచ్చాయి. అక్కడి సమస్య వేరు. చెట్లు కొట్టేసిన చోట నేల కుంగి పల్లమైంది. ఎక్కిన పోటు నీరు దిగే దారి లేక నిలిచిపోయి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. కాలువలతో నీరు ఎక్కి దిగడం మొదలయ్యాక ఉప్పు కడిగేసుకుపోయింది. చక్కటి పద్ధతి. మా నేల పల్లం కాదు, మెరక. పోటు రోజూ చేరని చోట కాలువ తవ్వితే అందులోకి వచ్చేది ఏముంది? ఈ ప్రశ్న తవ్వే ముందు వేసుకోవాల్సింది.

పీకుడు మొదలైన రెండో రోజు ఆ పెద్దావిడ గట్టు మీద ఆగింది. భుజాన పీతల బుట్ట ఉంది.

"ఇల ఎందుకు పీకిత్తన్నారు సారూ?"

"మడ పెడుతున్నామమ్మా."

"మడ ఏటి గట్టున పెట్టుకోండి. ఇక్కడ ఇల పీకితే నేల కాలుద్ది. ఉప్పు పైకొచ్చుద్ది."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఆ రోజు నేను గట్టు ఎక్కి ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే ఈ కేసు ఇంకోలా ఉండేది.

వర్షాకాలం చివర్లో మొక్కలు నాటాం. సంక్రాంతికి పచ్చగా ఉన్నాయి, ఫొటోలు వెళ్లాయి. శివరాత్రి నాటికి ఆకుల అంచులు మాడటం మొదలైంది. రోహిణి కార్తెలో వెళ్లి చూస్తే వరసలు వరసలుగా ఎండు పుల్లలు. కాలువల పక్కన ఉన్న కొన్ని తప్ప మిగతావన్నీ పోయాయి. నడుస్తుంటే పైన పొర అప్పడంలా పెళపెళ విరుగుతోంది. వంగి ఒక పెంకు తీసి చూస్తే అడుగు వైపు మల్లెపూల రేకుల్లా ఉప్పు పలుకులు. అంతకు ముందు వేసవుల్లో ఈ నేలలో ఇంత ఉప్పు పొర లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొలిస్తే తెలిసింది

రొయ్యల రైతులు సెలినిటీ చూసుకునే రిఫ్రాక్టోమీటరే మేమూ వాడాం. మోచేతి లోతు గుంటలు తీసి, లోపల ఊరిన నీటిని కొలిచాం. సముద్రపు నీరు 35 దగ్గర, అంటే వెయ్యి వంతుల నీటిలో 35 వంతుల ఉప్పు దగ్గర, ఉంటుంది. ఇల పీకిన చోట ఊరిన నీరు దానికి రెట్టింపు దాటింది. అదృష్టం కొద్దీ గట్టు వార కొంత ఇలకూర కూలీల చేతికి అందక మిగిలింది. దాని కింద తీసిన గుంటల్లో అంత లేదు. అదే చెరువు, అదే ఎండ, మధ్య దూరం పదడుగులు.

కారణం కష్టమైనదేం కాదు. దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు బంక నేల అడుగున ఉన్న ఉప్పు నీటిని పైకి లాగుతుంది. పైన ఎండ నీటిని ఆవిరి చేసి ఉప్పుని వదిలేస్తుంది. నేల బోడిగా ఉంటే ఇది వేసవి అంతా ఆగకుండా జరుగుతుంది. ఇలకూర గుబురు నీడ పడితే ఆవిరి తగ్గుతుంది, రాలిన ఆకు కప్పులా పనిచేస్తుంది, పోటుకి వచ్చే ఒండ్రు గుబురు మొదట్లో ఆగుతుంది, వేరు వెళ్లిన దారిన వాన నీరు లోపలికి దిగి ఉప్పుని కిందికి తోస్తుంది. మేం పీకింది కలుపు అనుకున్నాం, తీసేసింది నేల మీద దుప్పటి. పెద్దావిడ "కాలుద్ది" అన్నది ఇదే.

రెండో కొలత ఎత్తుది. తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తీసుకుని, పౌర్ణమి పోటు రోజున నీరు ఎక్కడి దాకా వచ్చిందో కర్రలు పాతి గుర్తు పెట్టాం. తర్వాత చెరువులో, బయట పర్రలో, ఏటి గట్టున ఎత్తులు చూసుకున్నాం. రోజూ నీరు తాకే చోట మడ ఉంది. పక్షానికోసారి తాకే చోట ఇలకూర ఉంది. ఈ రెంటి మధ్య ఎత్తు తేడా జానెడు. మా దగ్గర పోటు పాటుల తేడాయే తక్కువ కాబట్టి జానెడు మెరక అంటే చాలా పెద్ద తేడా. మడ మొలక లేత వయసులో రోజూ తడవాలి. పద్నాలుగు రోజులు ఎండే నేలలో అది నిలవదు. ఇలకూర దానికోసమే పుట్టినట్టు నిలుస్తుంది.

ఈ పని మొదలుపెట్టేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఇలకూర సహజంగా ఉన్న చోట, ఆ నేల ఎత్తెంతో, నీరు ఎన్నాళ్లకోసారి వస్తుందో ఆ మొక్కే చెప్తోంది. అది ఉన్న చోట మడ నాటాలని బడ్జెట్ వచ్చినా ఒప్పుకోకండి. కొలతకి ఖర్చయ్యేది ఒక పైపు, ఇద్దరు మనుషులు, రెండు పోట్లు.

మళ్లీ మొదలు

మొదట గట్టు. పాత ఉప్పుటేటి పాయ చెరువులోకి వచ్చిన చోట రెండు గండ్లు కొట్టాలనుకున్నాం. పక్క చెరువు రైతులు ఒప్పుకోలేదు. వాళ్ల భయం న్యాయమైనదే. బయటి నీరు ఊటగా తమ చెరువులోకి వస్తే, దాంతో తెగులు వస్తే ఎవరు జవాబుదారీ? వాళ్ల వైపు గట్టు బలపరిచి, ఒక గండి జరిపి, మాట కుదిరేసరికి ఎండాకాలం అయిపోయింది. పంచాయతీ, అటవీ శాఖ దగ్గర అనుమతుల పని అదనం. ఈ భాగానికి పట్టే సమయాన్ని ఎవరూ ప్రాజెక్టు కాగితంలో రాయరు. రాయాలి.

తర్వాత విత్తనం. ఇలకూర గింజ ఆవగింజ కంటే చిన్నది, నల్లగా నిగనిగలాడుతుంది, చుట్టూ కండగా ఉన్న పూరేకుల తొడుగు ఉంటుంది. బయటి పర్రలో పండిన కొమ్మలు కోసి, దులిపి, గింజలు జల్లాం. వచ్చిన మొదటి పెద్ద పోటు వాటిని తేల్చుకుని గట్టు వారకి చేర్చింది. అక్కడ చాపలా మొలిచాయి, మధ్యలో ఒక్కటీ లేదు. ఆ ఏడాది వృథా.

దారి చూపించింది గేదెలు. గండి దగ్గర తడి నేలలో గేదెలు నడిచిన చోట గిట్ట గుంటలు పడ్డాయి. వానలయ్యాక చూస్తే ఒక్కో గుంటలో పదేసి, పదిహేనేసి మొలకలు. వరసగా, గేదె నడిచిన దారి గీత గీసినట్టు ఎరుపూ పచ్చా కలిసిన మొలకలు. గుంట తేలి వచ్చిన గింజని పట్టుకుంది, పైగా వాన నీరు అందులో నిలిచి ఆ పిడికెడు మట్టిలో ఉప్పుని కడిగింది. ఇలకూర పెద్దయ్యాక చాలా ఉప్పుని తట్టుకుంటుంది గానీ, గింజ మొలవాలంటే కాస్త తీపి నీరు తగలాలి. అందుకే అది ఈశాన్య రుతుపవనాల వానలకి మొలుస్తుంది.

మేం అదే పని చేతులతో చేశాం. పారతో చిన్న చిన్న గుంటలు, నీరు పారే దిక్కుకి అడ్డంగా, వంకరటింకర వరసల్లో. వాటి పక్కన సరుగుడు కర్రలు పాతి, పండిన ఇల కొమ్మల్ని గింజతో సహా కట్టలు కట్టి అడ్డంగా ఆనించాం. కట్ట దగ్గర నీటి వేగం తగ్గి ఒండ్రు దిగుతుంది, గింజ అక్కడే రాలుతుంది. ఒక్క మొక్క కూడా నర్సరీలో పెంచలేదు. ఆశ్వయుజంలో పని ముగించి వానకోసం ఎదురుచూశాం. ఆ ఏడాది వానలు సమయానికి పడ్డాయి. మొదటి నాలుగు వరసలు పట్టుకున్నాయి, ఐదోది పట్టుకోలేదు, అక్కడ నేల ఇంకా ఎత్తు.

మేకల సంగతి కూడా చెప్పాలి. లేత ఇల అంటే మేకలకి ప్రాణం. కంచె వేస్తే ఊరితో తగాదా, వేయకపోతే మొలకలు దక్కవు. కాపరులతో కూర్చుని మాట్లాడితే, వానలు మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా ఆ ఆరెకరాలు వదిలేస్తామన్నారు. మాట నిలబెట్టుకున్నారు. ఇప్పటికీ కంచె లేదు. ఒకసారి బయటి ఊరి మంద వస్తే వాళ్లే తోలేశారు.

ఇప్పుడు

గండ్ల నుంచి మొదలై దాదాపు మూడొంతుల నేల ఇలకూరతో కప్పుకుంది. పల్లంగా ఉన్న చోట వంగరెడ్డి కూర (ఉప్పు నేలలో పాకే ఇంకో మొక్క, సెసూవియం) పాకింది, దాన్ని మేం తేలేదు. గండి దగ్గర ఇల గుబుర్లలో మడ కాయలు చిక్కుకుని మొలిచాయి. నిరుడు లెక్కపెడితే ముప్పై చిల్లర ఉన్నాయి. మేం డబ్బు పెట్టి నాటిన చోట చచ్చిన మడ, నాటని చోట ఇల చాటున దానంతటదే లేచింది. ఇది మా చెరువు ఒక్కదాని విశేషం కాదు. కరీబియన్ తీరంలో బెలీజ్ దేశపు మడ అడవుల్లో కూడా వంగరెడ్డి కూర లాంటి నేలబారు మొక్కలు మడ కాయల్ని పట్టి ఆపి, మొలకల్ని కాపాడటం పరిశోధకులు గమనించి 2007లో ప్రచురించారు. సముద్రానికి అటు వైపు కూడా అదే వంగరెడ్డి కూర.

మొదటి వేసవిలోనే పొడుగు కాళ్ల స్టిల్ట్ పిట్టలు ఇల గుబుర్ల పక్కన గూళ్లు పెట్టాయి. గూడు అంటే పెద్దగా ఏం లేదు, నాలుగు పుల్లలు, ఉప్పు పెళ్లలు, మచ్చల గుడ్లు నాలుగు. మనం దగ్గరికి వెళ్తే తల్లి తల మీద ఎగురుతూ గోల పెడుతుంది. ఆ గోల విన్నాక మే, జూన్ నెలల్లో లోపలికి వెళ్లి కొలతలు తీయడం మానేశాం. గట్టు మీద నుంచి చూసి రాసుకుంటున్నాం. ఒక గిట్ట పెద్దగా ఉండే చిన్న పీతల బొరియలు గండి దగ్గర నుంచి లోపలికి జరుగుతున్నాయి. బొరియలు ఎంత లోపలికి వస్తే నీరు అంత లోపలికి ఇంకుతున్నట్టు లెక్క, కాబట్టి అవీ రాసుకుంటున్నాం.

అధికారిక కాగితాల విషయంలో ఒక మాట. 2011లోనూ, 2019లోనూ వచ్చిన తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్లు రెండూ ఉప్పు చిత్తడి నేలల్ని మడ అడవులతో పాటు అత్యంత సున్నితమైన వర్గంలో, సీఆర్‌జెడ్ ఒకటి-ఏలో పెట్టాయి. అంటే చట్టం దృష్టిలో ఇల ఉన్న పర్ర ఖాళీ నేల కాదు. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం ఇలాంటివి తరచు బంజరుగానో పోరంబోకుగానో ఉంటాయి. పని మొదలుపెట్టే ముందే మీ సర్వే నంబరు ఏ వర్గంలో ఉందో చూసుకుని, ఇలకూర ఉన్న ఫొటోలు తేదీతో సహా ఫైలులో పెట్టుకోండి. ఆ నేలని రేపు ఎవరైనా ఇంకో పనికి అడిగితే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

పెద్దావిడ వానలయ్యాక చివుళ్లకి వస్తుంది. ఒక్కో మొక్క నుంచి రెండు మూడు కొసలు గిల్లి ముందుకు జరుగుతుంది, ఎర్రబడిన మొక్క జోలికి పోదు. నిరుడు ఆవిడతో కలిసి నేనూ ఒక బుట్ట కోశాను. అప్పుడు ఐదో వరస దగ్గర ఆగి, "ఇక్కడ రాదు సారూ, నీళ్లు నిలవట్లేదు, ఇంకొంచెం తవ్వు" అంది. ఈసారి వెంటనే పార తెచ్చుకున్నాను.

చెరువు మధ్యలో ఒక ఎకరం ఇంకా తెల్లగానే ఉంది. అక్కడ గుంటలు లోతు చేశాం. కార్తీక పౌర్ణమి పోటుకి నీరు ఎంత దూరం ఎక్కుతుందో, ఎంతసేపు నిలుస్తుందో చూడాలి. రంగు పూసిన కర్రలు, లెవెల్ పైపు సర్ది పెట్టాం. పండిన ఇల కొమ్మలు రెండు గోతాల నిండా షెడ్డులో వేలాడుతున్నాయి.